అడ్డపొగా – గర్భిణీ స్త్రీలూ

కిందటి ఉగాదికి మన సంఘంవారు స్త్రీల ఆరోగ్యం గురించి వొక డాక్టరమ్మగారిచేత ఉపన్యాసం యిప్పించాలని తలపెట్టారు. ఏయే విషయాలు మాట్లాడమని వారిని కోరాలో జాబితా వ్రాసే పని మాకు అప్పగించారు. ఆఫీసులో గుమాస్తాగిరీ వెలగబెట్టేవాడికి యెక్కడికి వెళ్ళినా జాబితాలు తప్పవు. రక్తహీనత, మధుమేహం, బాలింతల ఆహారం, యిలా వరసగా వ్రాసి, చివర “గర్భిణీ స్త్రీలు పొగ త్రాగడం మానుట” అని వొక ముక్క చేర్చాము. కార్యవర్గంలో పెద్దలొకరు కళ్ళజోడు సవరించుకుని చదివి, “ఇదేమిటండీ? ఇది సీమదేశాల గొడవ. మన ఆడవాళ్ళు పొగ త్రాగుతారా?” అని ఆ ముక్క కాస్తా కొట్టేశారు. అక్కడ వున్నవారెవరూ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక అందుకు సిగ్గుపడ్డాము. ఎందుకంటే ఆ పెద్దలది యిచ్ఛాపురం దగ్గిర పల్లె. వారి తల్లిగారు గడపలో కూర్చుని అడ్డపొగ కాల్చడం మేము చిన్నతనంలో కళ్ళారా చూచినదే.

అందుచేత యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఇందులో మా యింటి సంగతులు వస్తాయి. మా చెల్లెలు అంతా చదివి, “పేరు వెయ్యకు అన్నయ్యా, మిగతాది అలాగే వుండనీ” అన్న తరువాతనే పత్రికకు పంపుతున్నాము.

చెన్నైలోనూ, బెంగుళూరులోనూ, పూనాలోనూ పుట్టి పెరిగిన మన పిల్లలకు అడ్డపొగ అంటే యేమిటో తెలియకపోవచ్చు. చుట్టను అందరూ కాల్చినట్టు కాక, నిప్పు వున్న కొనను నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి పీల్చడాన్నే అడ్డపొగ అంటారు. బూడిద నోట్లోనే రాలుతుంది. కొందరు వుమ్మేస్తారు, కొందరు మింగేస్తారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పల్లెల్లోనూ, మా గంజాం జిల్లా తెలుగు యిళ్ళలోనూ యిది ముఖ్యంగా ఆడవాళ్ళ అలవాటు. గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాజధానిలోనిదే గదా. రాష్ట్రాల హద్దు మధ్యలో వచ్చి పడింది గాని, అటూ యిటూ వున్నవి వొకే మేనరికాలు, వొకే సంతలు, వొకే చుట్టలు.

ఎందుకలా కాలుస్తారంటే వొక్కొక్కరు వొక్కొక్క కారణం చెబుతారు. గాలికి ఆరిపోదంటారు. రెండు చేతులకూ పని వున్నప్పుడు పట్టుకోనక్కరలేదంటారు. పంటిపోటుకు మంచిదంటారు. మగవాళ్ళు యెదురుపడితే నిప్పు కనబడదు గనుక మర్యాదగా వుంటుందంటారు. మా నాయనమ్మను అడిగితే, “మాయమ్మ కాల్సేది, నానూ కాల్సుతున్నాను” అనేది. ఈ ఆఖరి జవాబే నిజమని మాకు తోస్తుంది.

ఈ అలవాటువల్ల అంగిలికి వచ్చే చేటును విశాఖపట్నం వైద్యులు 1930లలోనే గమనించి వ్రాశారు. 1971లో డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గు గారూ, బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతాగారూ, మరికొందరూ కలిసి మన ఉత్తర కోస్తా పల్లెల్లో 10,169 మంది అంగిళ్ళు పరీక్షించిన వివరాలు అచ్చువేశారు. అంగిలి తెల్లగా దళసరెక్కడం, మధ్యమధ్య యెర్రటి చుక్కలు లేవడం, కొందరికి అది పుండై కాన్సరుగా మారడం వారు చూశారు. అంటే నోటి సంగతి లోకానికి తెలిసి చాలాకాలమయింది. కడుపులో వున్న బిడ్డ సంగతి మాత్రం మా యింట్లో వొక్కరికీ తోచలేదు.

మా నాయనమ్మకు చుట్ట ముట్టించి యివ్వడం మా చెల్లెలి పని. “నిప్పు తేవే” అని అవ్వ కేకెయ్యగానే ఆరేళ్ళ పిల్ల పొయ్యి దగ్గిరకు పరుగెత్తి, కణికతో చుట్ట అంటించి, రాజుకోవడానికి రెండు దమ్ములు లాగి, అవ్వ చేతికి అందించేది. ఆ దమ్ములకు దగ్గు వస్తే మేమందరం నవ్వేవాళ్ళం. అంతకన్న వేరే గురువు ఆమెకు అక్కరలేకపోయింది. పదిహేనేళ్ళు వచ్చేసరికి అవ్వ చుట్టలు అవ్వ లెక్కకన్న ముందే అయిపోతూ వుండేవి. మా అమ్మకు తెలుసు. తానూ కాల్చే మనిషి గనుక కూతురిని యేమంటుంది? “ఊరిలో తెలిస్తే సంబంధాలు రావు” అని మాత్రం అన్నది. బరంపురంలో కాపురం పెట్టాక మాకు పట్నపు మర్యాదలు అంటుకున్నాయి. చుట్ట వీధి గడప నుంచి పెరటి గడపకు మారింది, అంతే.

2007లో ఆమెను ఛత్రపురం యిచ్చాము. అత్తవారు చదువుకున్నవారు, ఆ యింట చుట్ట అన్నమాట లేదు. అందరూ పడుకున్నాక ఆమె పెరట్లో నుయ్యి వెనకాల కూర్చుని కాల్చుకుని, తమలపాకు నమిలి లోపలికి పోయేదట. 2009లో తొలి కాన్పుకు మా యింటికి వచ్చింది. పుట్టింట్లో ఆ దాపరికం అక్కరలేదు. అమ్మా కూతురూ మధ్యాహ్నంపూట పెరటి అరుగుమీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తలా రెండు, మళ్ళీ సాయంత్రం తలా రెండు. వీధి అరుగుమీద మా సిగరెట్లు సరేసరి. అప్పట్లో మేము రోజుకు పది కాల్చేవారము. రెండు అరుగుల మధ్య వంటింట్లో మా ఆవిడ వొక్కతే దగ్గుతూ వుండేది.

ఎనిమిదో నెల నిండకుండానే నొప్పులు వచ్చాయి. మగపిల్లవాడు. 1 కిలో 600 గ్రాములు తూగాడు. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో మూడు రోజులు వున్నాడు. మూడోనాటి తెల్లవారుజామున మేము ఆవరణ బయట టీకొట్టు దగ్గిర సిగరెట్టు ముట్టించుకుంటూ వుండగా కబురు వచ్చింది.

నెలలు తక్కువ, బరువు తక్కువ, వూపిరితిత్తులు యెదగలేదు అని డాక్టరుగారు చెప్పారు. చుట్టవల్లనే అని వారనలేదు, మేమూ అనము. అన్నీ సవ్యంగా వున్న తల్లులకు కూడా నెలలు నిండని బిడ్డలు పుట్టడం కద్దు. ఫలానా బిడ్డ ఫలానా కారణంవల్లనే పోయాడని యెవరూ ప్రమాణం చెయ్యలేరు. కాని ఆ తరువాత ఆమె ఆసుపత్రి కార్డు మేము యెన్నిసార్లు చదివామో లెక్కలేదు. నెలనెలా తూకం వ్రాశారు. రక్తపోటు వ్రాశారు. ఐరన్ మాత్రలు యెన్ని యిచ్చారో వ్రాశారు. పొగాకు వాడుతుందా అని యెవరూ అడిగినట్టు లేదు. ఆమె తనంతట చెప్పలేదు. పక్కనే నిలబడ్డ మేమూ చెప్పలేదు. చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, యింగ్లీషు అంకెలు చదవగలిగిన పిల్ల చుట్ట కాలుస్తుందని వారికి తోచకపోవడంలో వింత లేదు. అడగనిది చెప్పడానికి మాకు నామోషీ.

మళ్ళీ 2012లో ఆమె నీళ్ళోసుకుంది. మూడో నెల వెళ్ళి నాలుగో నెల వస్తుండగా పంటిపోటు వచ్చి బరంపురం తీసుకువచ్చాము. పళ్ళ డాక్టరు కుర్రవాడు, శ్రీకాకుళం వైపువాడు. పన్ను చూడబోయి దీపం పైకెత్తి అంగిలి చూశాడు. చూసి, గొంతు తగ్గించి, మన భాషలో, “అమ్మా, అడ్డపొగ కాలుస్తారా?” అని అడిగాడు. తిట్టినట్టు అడగలేదు. పథ్యం చేస్తున్నారా అని అడిగినట్టే అడిగాడు. పదిహేనేళ్ళకు పైబడిన అలవాటు గురించి ఆమెను యెదుటివాడొకడు అడగడం అదే మొదలు. ఆమె తల వూపి, వెంటనే యేడ్చేసింది. “ఎన్నో నెల?” అన్నాడు. చెప్పింది. “అయితే యివాళే మానండి. ఇప్పుడు మానితే బిడ్డకు దక్కేది చాలా వుంది” అన్నాడు.

ఆ మాట వట్టి ధైర్యవచనం కాదని మేము తరువాత చదివి తెలుసుకున్నాము. చదువు మెట్రిక్ దాకానే అయినా, ఆఫీసు కాగితాలతో కుస్తీపట్టిన కళ్ళు గనుక యింగ్లీషు నివేదికలకు అంతగా జంకవు.

ఈ సంగతి మొదట గట్టిగా లెక్కలతో చెప్పినది 1957లో అమెరికాలో సింప్సన్ అనే ఆవిడ. కాలిఫోర్నియాలోని సాన్ బెర్నార్డినోలో 7,499 మంది తల్లుల వివరాలు సేకరించి చూస్తే, సిగరెట్లు కాల్చేవారికి నెలతక్కువ, బరువు తక్కువ బిడ్డలు పుట్టడం కాల్చనివారికన్న దాదాపు రెట్టింపు వుందని తేలింది. తరువాత బ్రిటనులో 1958 మార్చిలో వొక వారంరోజుల్లో దేశం మొత్తంమీద పుట్టిన బిడ్డలందరి లెక్కలు తీశారు. వాటిని పట్టుకుని బట్లరు మొదలైనవారు 1972లో వ్రాసినదాని ప్రకారం, నాలుగో నెల దాటాక కూడా సిగరెట్లు కాల్చిన తల్లుల బిడ్డలు సగటున 170 గ్రాములు తక్కువ తూగారు. కాన్పుకు కాస్త ముందూ, కాన్పయిన తొలి నెలలోనూ జరిగే శిశుమరణాలు వారిలో నూటికి 28 వంతులు హెచ్చుగా వున్నాయి. మాకు ముఖ్యమనిపించినది దాని పక్కనున్న ముక్క. నాలుగో నెలకు ముందే మానేసిన తల్లుల బిడ్డలు, యెన్నడూ కాల్చనివారి బిడ్డలకు సమానంగా వున్నారు. “ఎన్నో నెల?” అని ఆ కుర్రవాడు అడిగినది అందుకే కాబోలు. నాలుగో నెల దాటితే మానడం దండగ అని మాత్రం యెవరూ అనుకోవద్దు. బిడ్డ బరువు పెరగడం చాలావరకు ఆఖరి మూడు నెలల్లోనే. ఏ నెలలో మానినా ఆ నెల నుంచి బిడ్డకు మేలే.

పొగ చేసే అపకారం యేమిటంటే, దానిలో వేలరకాల పదార్థాలు వున్నా, గర్భిణి రెంటిని యెరిగి వుంటే చాలు. ఒకటి కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు. మన రక్తంలో ప్రాణవాయువును మోసుకుపోయే హీమోగ్లోబిను యీ విషవాయువును ప్రాణవాయువుకన్న రెండువందల రెట్లు పైచిలుకు గట్టిగా పట్టుకుంటుంది. బియ్యం బస్తాలు యెక్కవలసిన బండిలో రాళ్ళు యెక్కి కూర్చున్నట్టు. తల్లికి బయటిగాలి వుంది. బిడ్డకు తల్లి రక్తం తప్ప వేరే గాలి లేదు. పైగా యీ విషవాయువు తల్లి రక్తంలోకన్న బిడ్డ రక్తంలో యెక్కువ పేరుకుంటుంది. రెండవది నికొటిను. ఇది రక్తనాళాలను ముడుచుకునేటట్టు చేస్తుంది. మాయకు వెళ్ళే రక్తం తగ్గితే బిడ్డకు వెళ్ళే అన్నం తగ్గినట్టే. ఇది మాయను దాటి బిడ్డ వొంట్లోకీ పోతుంది, పురుడయ్యాక చనుబాలలోకీ వస్తుంది. బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండకుండా కాన్పు కావడం, మాయ ముందే విడి రక్తం పోవడం, బిడ్డ కడుపులోనే పోవడం, యీ ప్రమాదాలన్నీ పొగతో పెరుగుతాయి. మేలు యేమిటంటే, మానిన వొకటి రెండు రోజుల్లోనే ఆ విషవాయువు రక్తంలోనుంచి వెళ్ళిపోతుంది.

అడ్డపొగలో పొగ యింకా దగ్గిరగా, వేడిగా నోటిని కాలుస్తుంది గాని, కడుపు విషయానికి వస్తే చుట్ట యెటువైపు తిప్పి పెట్టుకున్నా వొకటే పొగాకు.

ఇక మా యింటి రణరంగం. పళ్ళ డాక్టరు చెప్పినది మా అమ్మకు చెప్పగానే, “ఏట్రా, నాను ఆరుగురిని కన్నాను. సుట్ట మానీసి కన్నానేటి?” అన్నది. అని, తనే వూరుకుంది. ఆరు కాన్పుల్లో మేము నలుగురం మిగిలాము. ఆ యిద్దరి సంగతి మా యింట్లో యెవరూ యెత్తరు. కొంతసేపటికి, “సిన్నపిల్ల అయితే కాన్పు సులువు” అన్నది, కాని ఆ మాటలో మునుపటి బలం లేదు. ఈ మాట మన ముసలమ్మలు చాలామంది అంటారు. 2,500 గ్రాములకు తక్కువ తూగే బిడ్డ సులువుగా బయటికి వస్తే రావచ్చు, బయటికి వచ్చాక బ్రతకడం ఆ బిడ్డకు సులువు కాదు. మేము అది పైకి అనలేదు. అనవలసిన పని లేకపోయింది.

అంతకన్న కష్టమయింది అల్లుడిగారికి చెప్పడం. ఆ రాత్రి ఫోను మా చేతికి యిచ్చి చెల్లెలు లోపలికి పోయింది. మేము నసుగుతూ నసుగుతూ విషయం చెప్పగా, ఆయన కొంతసేపు వూరుకుని, “నాకు మొదటి నుంచీ తెలుసు బావగారూ, వాసన తెలియదా? అడిగితే బాధపడుతుందేమోనని” అన్నారు. ఐదేళ్ళుగా ఆమె దాచడం, ఆయన తెలియనట్టు వుండడం. మేము సరే. ముగ్గురం మర్యాదస్తులమే!

మా చెల్లెలు మాకు వొక షరతు పెట్టింది. “నువ్వు వీధిలో సిగరెట్టు కాలుస్తూ నన్ను పెరట్లో చుట్ట మానమంటే యెలాగ అన్నయ్యా?” అన్నది. మానుతామని మాట యిచ్చాము. నిజం చెప్పవలసివస్తే, ఆ మాట రెండుసార్లు తప్పి మూడోసారికి నిలబెట్టుకున్నాము. ఇంట్లో కాల్చడం మాత్రం ఆ రోజే ఆపాము. పక్కవాడు వదిలిన పొగ పీల్చినా గర్భిణికీ బిడ్డకూ హాని వుందని యిప్పుడు అందరూ యెరిగినదే. బహిరంగ స్థలాల్లో పొగ త్రాగరాదని 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా నిబంధన వచ్చింది గాని, మన వంటిల్లూ పడకగదీ బహిరంగ స్థలాలు కావు. అక్కడ నిబంధన పెట్టుకోవలసినది మనమే.

పది రోజులు ఆమెను మా దగ్గిరే వుంచుకున్నాము. గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోక మేము వొక నోటుబుక్కులో గళ్ళు గీసి యిచ్చాము. తేదీ, వేళ, చుట్ట మీద మనసు యెందుకు పోయింది, అప్పుడు యేం చేసింది. నాలుగు రోజులు వ్రాయగానే సంగతి తేలిపోయింది. ఆమెకు చుట్ట కావలసినది రోజంతా కాదు. తెల్లవారగానే విరేచనం కోసం వొకటి, అన్నం తిన్నాక వొకటి, సాయంత్రం దీపాలవేళ యేమీ తోచక వొకటి. మొదటిదానికి లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు, రాత్రి అరటిపండు. ఐదారు రోజులు యిబ్బందిపడింది, తరువాత కుదురుకుంది. అన్నం తిన్నాక నోటికి సోంపు గాని, యెండు వుసిరి ముక్క గాని. సాయంత్రానికి మా ఆవిడ వుపాయం చేసింది. దీపాలవేళకు యిద్దరూ కలిసి గుడిదాకా నడిచి రావడం. చుట్ట మీద మనసు లాగినప్పుడు ఆ వుధృతం అయిదారు నిమిషాలకు మించి వుండదు. ఆ అయిదు నిమిషాలూ చేతికి పనీ, పక్కన మనిషీ వుంటే గండం గడుస్తుంది.

అలా చెబితే అంతా సాఫీగా జరిగినట్టు వుంటుంది. జరగలేదు. మూడో రోజున ఆమె అన్నం పళ్ళెం నేలకేసి కొట్టింది. తలనొప్పి అన్నది. రాత్రి నిద్ర లేదు. “ఈ బిడ్డ నాకొద్దు” అని కూడా అన్నది. మా ఆవిడ పళ్ళెం తీసి నేల తుడిచి మళ్ళీ వడ్డించింది తప్ప పల్లెత్తు మాట అనలేదు. ఆ వొక్క రోజు మా ఆవిడ మాకన్న యెంత పెద్ద మనిషో మాకు తెలిసింది.

ఇంకొక చిక్కు గుడాకు రూపంలో వచ్చింది. ఒడిశాలో వున్న మనవారికి దీన్ని వేరే చెప్పనక్కరలేదు. పొగాకూ బెల్లం మడ్డీ కలిపి చేసిన ముద్ద. పళ్ళు తోముకునే మిషమీద చిగుళ్ళకు రాసుకుంటారు. కూతురి అవస్థ చూడలేక మా అమ్మ చాటుగా డబ్బా తెచ్చి యిచ్చింది, “పొగ లేదు గదా” అని. పొగ లేదు, నిజమే. నికొటిను వుంది. బొంబాయిలో 1,217 మంది గర్భిణులను వరసగా గమనించి 2004లో ప్రకటించిన పరిశోధనలో, పొగలేని పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ తూగారు, నెలలు నిండకుండా పుట్టడమూ హెచ్చుగానే వుంది. జర్దా అయినా, ఖైనీ అయినా, మహారాష్ట్రలో మనవాళ్ళు కొందరు నేర్చుకున్న మిశ్రీ అయినా, యిదే లెక్క. మిశ్రీ అంటే అక్కడ కలకండ కాదు, మాడ్చిన పొగాకు పొడి.

మందుల సంగతి యెవరైనా అడగవచ్చు. పొగ మానడానికి బిళ్ళలు వున్నాయి గాని, గర్భిణులకు బుప్రోపియాన్, వరెనిక్లిన్ అనేవాటిని వాడమని చెప్పరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2013లో సూచించింది. నికొటిను బంక లాంటివి దుకాణంలో దొరుకుతున్నవి గదా అని గర్భిణి తనంతట కొనుక్కోకూడదు, డాక్టరుకు చెప్పే చెయ్యాలి. అదే సూచనల్లో ఆ సంస్థవారు మరొకటి చెప్పారు. గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడూ, ఆపైన వచ్చిన ప్రతిసారీ, పొగాకు వాడుతున్నారా, యింట్లో యెవరైనా పొగ త్రాగుతున్నారా అని అడిగి తీరాలని. 2009లో మా చెల్లెలి కార్డులో లేని గడి అదే.

అడగడంవల్లా మాట్లాడడంవల్లా యేమవుతుందని తీసిపారెయ్యనక్కరలేదు. 1977లో మొదలుపెట్టి యెర్నాకులం, భావనగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారి మధ్య వొక పెద్ద ప్రయత్నం జరిగింది. మందులు యివ్వలేదు. యేటేటా నోరు పరీక్షించడం, యెదురుగా కూర్చుని మాట్లాడడం, బొమ్మలు చూపించడం, అంతే. అలా మాట్లాడినచోట మానినవారు హెచ్చారనీ, నోటిలో కాన్సరుకు ముందు వచ్చే మచ్చలు తగ్గాయనీ 1986లో ప్రకటించారు. అడ్డపొగ కాల్చే మన శ్రీకాకుళం అవ్వలు కూడా యీ లెక్కలో వున్నవారే.

ఏడో నెలలో సీమంతం అయ్యాక పల్లెలో అమ్మవారి సంబరానికి వెళ్ళి, మేనత్తలూ పిన్నులూ చుట్టూ కూర్చుని కాలుస్తూ వుండగా మా చెల్లెలు తానూ రెండు కాల్చింది. మేము యెవరమూ చూడలేదు. ఆమే వచ్చి నోటుబుక్కు తీసి, ఆ తేదీ యెదుట “2” అని వ్రాసి మాకు చూపించింది. మేము యేమీ అనలేదు. మర్నాటి గడిలో సున్న వ్రాసింది. అటుపైన కాన్పుదాకా సున్నలే.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. 2 కిలోల 700 గ్రాములు. ఈ తేడా అంతా చుట్ట మానడంవల్లనే అంటే మళ్ళీ అబద్ధం చెప్పినట్టవుతుంది. ఈసారి ఆమె తిండి కూడా బాగుంది, పనీ తగ్గించారు. నర్సమ్మ తూకం చదివినప్పుడు మా అమ్మ “ఎంత? ఎంత?” అని రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.

కాన్పయ్యాక మరొక గండం వుంటుందని మాకు తెలియదు. కడుపుతో వున్నప్పుడు బిడ్డకోసం మానినవారిలో చాలామంది పురుడు అయ్యాక మళ్ళీ మొదలుపెడతారు. బిడ్డ బయటికి వచ్చేసింది గదా అనుకుంటారు. మా యింట్లోనూ పురిటి మంచం దగ్గిరకు వొక ముసలమ్మ చుట్ట పట్టుకువచ్చి, “బాలింతరాలికి సలవ సెయ్యకుండా వొక్కటి కాల్సు” అన్నది. మేము అడ్డుపడేలోగా మా అమ్మే లేచి ఆవిడను పెరట్లోకి తీసుకుపోయింది. మా అమ్మ తాను మాత్రం మానలేదు. అరవై దగ్గిర పడుతున్న మనిషి, పొమ్మంటే పోయే అలవాటు కాదు. పక్కవీధిలో వియ్యపురాలి వరస ఆవిడ యింటికి పోయి కాల్చుకుని, నోరు పుక్కిలించి, చీర మార్చుకుని గాని మనమరాలిని యెత్తుకునేది కాదు. ఆ పిల్లతో “నిప్పు తేవే” అని యెన్నడూ అనలేదు.

పళ్ళ డాక్టరు యేడాది తరువాత మా చెల్లెలి అంగిలి చూసి తెలుపు చాలా తగ్గిందన్నాడు.

మానాలనుకుని యెవరిని అడగాలో తెలియనివారికి వొక ముక్క. పొగాకు మానడానికి సలహా చెప్పే కేంద్రప్రభుత్వపు ఫోను నెంబరు 1800-11-2356. డబ్బు పడదు. 2018 నుంచి సిగరెట్టు పెట్టెల మీద కూడా యిది అచ్చవుతున్నది గాని, సంతలో విడిగా అమ్మే చుట్టల కట్టమీద అచ్చువేసేవారెవరు? అందుకని యిక్కడ వ్రాస్తున్నాము. ఇంట్లో కడుపుతో వున్న కోడలో కూతురో వుంటే, తిట్టకుండా, నలుగురిలో కాకుండా, వొక్కమాట అడగండి. లేదంటే నష్టం లేదు.

ఈ యేడు ఉగాదికి జాబితా వ్రాసే పని మళ్ళీ మాకే పడింది. ఆ ముక్క మళ్ళీ చేర్చి, ఆ పెద్దలకే మొదట చూపించాము. చాలాసేపు చదివారు. కొట్టెయ్యలేదు. జేబులోనుంచి పెన్సిలు తీసి, పక్కన చిన్న అక్షరాలతో “గుడాకు కూడా” అని వ్రాసి మాకు తిరిగి యిచ్చారు.